దగ్గరికి వస్తుంది, ముక్క నోట పెట్టుకుని వదిలేస్తుంది

ప్రశ్న

గుంటూరు నుంచి ఒక తల్లి రాశారు. నాలుగు పేజీల ఉత్తరం. పేరు వేయొద్దన్నారు. అందులోని సంగతులు ఇవి.

ఆమె ప్రైవేటు స్కూల్లో టీచరు, భర్తది చిన్న వ్యాపారం. ఏడో తరగతి చదివే కూతురికి ఏడాదిన్నర కిందట పుట్టినరోజుకి రెండు ఆడ గినీ పిగ్‌లు కొనిచ్చారు. ఒకటి లడ్డూ, రెండోది బుజ్జి. "కుందేళ్లలాంటివేనమ్మా" అంటూ షాపతను కుందేలు దాణా సంచి ఒకటి చేతిలో పెట్టాడు. అప్పట్నుంచీ ఆ దాణా, కీరా ముక్కలు, క్యారెట్, అప్పుడప్పుడు బ్రెడ్డు. అత్తగారు వాటిని ఎలుకలంటారు గానీ రోజూ పొద్దున్నే పాలకూర తుంచి పెట్టేది ఆవిడే. గడ్డి మాత్రం ఎప్పుడూ వేయలేదు. "గడ్డి ఆవులకి కదా అనుకున్నాం" అని రాశారు.

సంక్రాంతి సెలవుల్లో లడ్డూకి తుమ్ములు మొదలయ్యాయి. కళ్లకి పుసులు కట్టాయి. రెండు రోజులు మూలన ముడుచుకుని కూర్చుంది, ఏం పెట్టినా ముట్టలేదు. దగ్గర్లోని పశువైద్యుడు "వీటి గురించి నాకు అంతగా తెలీదమ్మా" అని ఉన్నమాటే చెప్పారు. పండగ కావడంతో ఇంకెక్కడికీ వెళ్లలేదు. పాపకి వాడగా మిగిలిన అమాక్సిసిలిన్ సిరప్ ఇంట్లో ఉంటే, ఐదేసి చుక్కలు రోజుకి రెండుసార్లు ఈమే వేశారు. మూడో రోజు నీళ్ల విరేచనాలు. నాలుగో రోజు తెల్లారేసరికి లడ్డూ లేదు.

అంతకుముందు ఆదివారం పాప లడ్డూకి స్నానం చేయించింది. "నేను నీళ్లు పోసినందుకే చచ్చిపోయింది కదమ్మా" అని అడిగితే, "ఏదో జబ్బు చేసిందిలే" అని ఈమె మాట మార్చారు. ఆ మందు గినీ పిగ్‌లకి ప్రాణాంతకమని తర్వాత ఎక్కడో చదివారు. మందు వేసిన సంగతి ఇప్పటికీ ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

లడ్డూ పోయినప్పటి నుంచి పాప ప్రతి ఆదివారం బుజ్జిని వంటింటి కాటా మీద గిన్నెలో కూర్చోబెట్టి తూచి, ఒక నోటుపుస్తకంలో రాస్తోంది. గత నాలుగు వారాల అంకెలు ఇవి: 820, 805, 770, 730 గ్రాములు. తిండి చూడగానే బుజ్జి పరుగెత్తుకొస్తుంది. ముక్క నోట పెట్టుకుంటుంది, రెండుసార్లు నమిలినట్టు చేసి వదిలేస్తుంది. గడ్డం కింద ఎప్పుడూ తడి. పెంటికలు సన్నబడ్డాయి. ఎత్తుకుంటే కీచుమంటుంది, ఇదివరకటిలా గెంతడం లేదు.

భర్త "వెయ్యి రూపాయల జంతువుకి వేలకి వేలు పోస్తామా?" అంటున్నారు. ఆమె అడిగినవి నాలుగు. ఇది జబ్బేనా? ఎక్కడికి తీసుకెళ్లాలి, ఎంతవరకు వెళ్లాలి? లడ్డూని నేనే చంపానా? పాపకి చెప్పాలా?

సమాధానం

అమ్మా, మీ ఉత్తరం అందిన సాయంత్రమే రెండు ముక్కల్లో జవాబు పంపాను. తెల్లారేదాకా ఆగకుండా సిరంజితో మేత పట్టించండి, డాక్టరు కోసం వెతకడం మొదలుపెట్టండి అని. పట్టిస్తే మింగుతోందని మర్నాడు మీరు రాశారు. అంటే మనకి కొద్ది రోజుల గడువు దొరికింది. వారాలు కాదు, రోజులే. ఆ లెక్క మనసులో పెట్టుకుని మిగతాది చదవండి.

ఇది జబ్బే. మీ పాప రాసిన అంకెలే చెబుతున్నాయి. మూడు వారాల్లో 90 గ్రాములు తగ్గింది, అంటే ఉన్న బరువులో దాదాపు 11 శాతం. అరవై కిలోల మనిషి మూడు వారాల్లో ఆరున్నర కిలోలు చిక్కిపోతే ఇంట్లో ఎవరూ ఊరుకోరు. బుజ్జి ఒళ్లంతా బొచ్చు కాబట్టి చిక్కినట్టు కంటికి తెలియలేదు. పైగా ఈ జాతి పుట్టింది దక్షిణ అమెరికాలో ఆండీస్ కొండల గడ్డి మైదానాల్లో. పైన గద్దలు, కింద నక్కలు తిరిగే చోట నీరసంగా కనపడితే ముందు దొరికిపోయేది తానే. అందుకే ఒంట్లో బాగోలేకపోయినా బాగున్నట్టే తిరుగుతుంది. మనకి తెలిసేనాటికి అది దాచుకోగలిగినన్నాళ్లూ దాచుకుని ఉంటుంది. "నిన్నటిదాకా బాగానే ఉంది డాక్టరుగారూ" అని చెప్పేవాళ్లు అబద్ధం చెప్పరు. వాళ్లకి కనపడింది అంతే.

మీ ఉత్తరంలో మీకు తెలియకుండానే చాలా విలువైన మాట ఒకటి రాశారు. లడ్డూ తిండి దగ్గరికే రాలేదు, బుజ్జి పరుగెత్తుకొచ్చి మరీ వదిలేస్తోంది. ఈ రెండూ వేర్వేరు. లడ్డూకి ఆకలి చచ్చిపోయింది. బుజ్జికి ఆకలి ఉంది, నోరు సహకరించడం లేదు. డాక్టరు దగ్గర నోరు తెరవగానే మొదట ఈ మాటే చెప్పండి.

గినీ పిగ్‌కి 20 పళ్లు. మనకి కనపడే ముందు పళ్లు నాలుగే. తక్కిన 16 దవడ పళ్లు బాగా లోపల ఉంటాయి. అన్నీ బతికినంత కాలం పెరుగుతూనే ఉంటాయి. గడ్డిపోచని పక్కకీ పక్కకీ దవడ తిప్పుతూ నూరితేనే అవి అరుగుతాయి. కీరా, బ్రెడ్డు నూరాల్సిన పని లేదు. దాణా కూడా రెండు కొరుకుళ్లలో పిండైపోతుంది. అరగని కింది దవడ పళ్లు లోపలికి వంగి, రెండు వైపుల నుంచీ నాలుక మీదికి వంతెనలా కమ్ముకుంటాయి. నాలుక వాటి కింద ఇరుక్కుంటే ముక్కని వెనక్కి నెట్టలేదు, ఉమ్ము మింగలేదు. గడ్డం తడి అందుకే. ముందు పళ్లు చూసి "పళ్లు బాగానే ఉన్నాయి" అని ఎవరైనా చెబితే అక్కడితో తృప్తి పడకండి. వెనక పళ్లు చూడాలంటే దీపం ఉన్న సన్నని గొట్టం లాంటి పరికరం కావాలి. పూర్తిగా చూడాలంటే చాలాసార్లు మత్తు కూడా కావాలి.

రెండో అనుమానం విటమిన్ సి లోపం. కుందేలు తనకి కావలసిన విటమిన్ సి ఒంట్లోనే తయారు చేసుకుంటుంది. గినీ పిగ్‌కి ఆ శక్తి లేదు, మనకీ లేదు. 1907లో నార్వేలో హోల్స్ట్, ఫ్రోలిష్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు గినీ పిగ్‌లకి ఒట్టి ధాన్యం మేపితే, ఓడ ప్రయాణాల్లో నావికులకి వచ్చే స్కర్వీ వాటికీ వచ్చింది. ఆ జబ్బు రహస్యం విడిపోవడానికి దారి చూపింది ఈ చిన్న ప్రాణులే. మీ షాపతను ఇచ్చింది కుందేలు దాణా. కుందేలుకి అక్కర్లేని విటమిన్‌ని కుందేలు దాణాలో కలపాల్సిన అవసరం ఉండదు. కీరాలో, క్యారెట్‌లో ఉండేది స్వల్పం. ఈ లోపం ఉంటే కీళ్లు వాచి ముట్టుకుంటే నొప్పి పుడుతుంది, చిగుళ్లు బలహీనపడి పళ్లు కదులుతాయి, బొచ్చు బిరుసెక్కుతుంది. ఎత్తుకుంటే కీచుమనడం, గెంతడం మానేయడం ఈ కథకి సరిపోతున్నాయి. రెండూ కలిసే ఉన్నాయేమోనని నా అనుమానం. ఉత్తరం చదివి చెప్పే అనుమానమే ఇది, చేత్తో పట్టి చూసి చెప్పింది కాదు.

వేరేవి కూడా లేకపోలేదు. మూత్రాశయంలో రాళ్లుంటే మూత్రం పోసేటప్పుడు అరుస్తుంది, రక్తం కనపడుతుంది. మూత్రం తెల్లగా, ఆరాక సుద్దపొడిలా మిగలడం మాత్రం వీటికి మామూలే, దానికి కంగారుపడొద్దు. ఇక ఎండ. ఇరవై నాలుగు డిగ్రీల లోపు హాయిగా ఉండే ప్రాణి ఇది, ముప్ఫై దాటితే దానికి గండమే. గుంటూరు ఏప్రిల్ ఎలా ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు. ఎండదెబ్బకి కూడా చొంగ కారుతుంది, కానీ అది గంటల్లో ముంచుకొస్తుంది, నేలకి అతుక్కుపోయి ఎగశ్వాస తీస్తుంది. బుజ్జి బరువు మూడు వారాలుగా మెట్లు దిగుతోంది కాబట్టి అసలు కారణం ఎండ కాదు. అలాగని పంజరాన్ని కిటికీ పక్కన ఉంచకండి. నీళ్ల సీసా గడ్డకట్టించి తువ్వాలు చుట్టి ఒక పక్కన పెడితే, కావాలనుకున్నప్పుడు దాన్ని ఆనుకుని పడుకుంటుంది.

ఇప్పుడు ఆగకూడని సందర్భాలు చెబుతాను. గినీ పిగ్ పేగులు నిరంతరం కదలాలి. ముద్ద పడుతుంటేనే కదులుతాయి. పన్నెండు గంటలు ఏమీ తినకపోయినా, పెంటికలు వేయకపోయినా ఆ రోజే డాక్టరు చూడాలి. ఒక రోజు దాటితే పేగులు స్తంభిస్తాయి, కాలేయానికి కొవ్వు పడుతుంది, అక్కడి నుంచి వెనక్కి లాగడం చాలా కష్టం. పొట్ట డప్పులా బిగుసుకున్నా, ఊపిరిలో గురక, టిక్కుటిక్కుమనే చప్పుడు వినపడినా, మూత్రంలో రక్తం పడినా, ఒక పక్కకి ఒరిగిపోయినా రాత్రి అని చూడొద్దు. పొట్ట బిగిసినప్పుడు, మింగే శక్తి లేకుండా వేలాడిపోతున్నప్పుడు మాత్రం సిరంజితో ఏమీ పట్టొద్దు.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో తిండి మానేసిన గినీ పిగ్‌ని ఒకాయన తెచ్చారు. మా చదువంతా పశువులు, మేకలు, కోళ్ల మీద సాగింది. గినీ పిగ్ అంటే మాకు ప్రయోగశాల పంజరాల్లో చూసిన జంతువే. కుక్కలకి చెప్పినట్టే "రెండు రోజులు చూద్దాం" అన్నాను. రెండో రోజు ఆయన చెప్పుల పెట్టెలో పెట్టుకుని వచ్చారు. మూత తీయకుండానే నాకు అర్థమైంది. అప్పట్నుంచి ఈ ప్రాణి విషయంలో "చూద్దాం" అన్న మాట నా నోట రాలేదు.

మేత పట్టడం మీరు మొదలుపెట్టారు, ఒకటి రెండు సవరణలు. అదే దాణాని వేడినీళ్లలో నానబెట్టి, చల్లారాక మెత్తగా మెదిపి, ఎర్ర క్యాప్సికం గుజ్జు కొంచెం కలపండి. సూది తీసేసిన ఒక మిల్లీలీటరు సిరంజి చాలు, కొన కొద్దిగా కోసి నున్నగా చేస్తే చిక్కటి ముద్ద కూడా దిగుతుంది. తువ్వాలు చుట్టి ఒళ్లో నిటారుగా కూర్చోబెట్టుకోండి, పసిపిల్లకి ఉగ్గు పట్టినట్టు వెల్లకిలా పడుకోబెట్టొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ముందు పళ్ల వెనక ఉండే ఖాళీలోంచి పక్కగా పెట్టి అర మిల్లీలీటరు చొప్పున వదలండి. నమిలి మింగాకే మళ్లీ. దాని బరువుకి రోజు మొత్తం మీద 40 నుంచి 60 మిల్లీలీటర్లు, ఐదారు విడతలుగా. రాత్రి పడుకునే ముందు ఒకసారి, తెల్లవారుజామున ఒకసారి తప్పనిసరి. ఈ రోజుల్లో ఆదివారం కోసం ఆగకుండా బరువు రోజూ ఒకే వేళకి తూచమనండి.

విటమిన్ సి తాగే నీళ్లలో కలపొద్దు. వెలుతురుకి విరిగిపోతుంది, రుచి మారితే నీళ్లు తాగడం కూడా మానేస్తుంది. మామూలు రోజుల్లో కిలో బరువుకి 10 నుంచి 30 మిల్లీగ్రాములు కావాలి, ఇప్పుడు ఎంతన్నది డాక్టరు చెబుతారు. ఎర్ర క్యాప్సికంలో బాగా ఉంటుంది. రోజుకి 20 గ్రాముల ముక్కతో మామూలు అవసరం తీరిపోతుంది. జామకాయలోనూ ఎక్కువే కానీ తీపి కాబట్టి చిన్న ముక్కే పెట్టాలి. కొత్తిమీర మంచిది. పాలకూరలో ఆక్సలేట్లనే, రాళ్లకి దారితీయగల లవణాలు ఎక్కువ, రోజూ వద్దు.

మీ అత్తగారిని ఇక్కడ గుర్తు చేసుకోవాలి. ఎలుక అంటూనే పొద్దున్నే లేచి మేత పెట్టే మనిషి ఆవిడ. పాలకూర బదులు గరిక కోసుకురమ్మని అడగండి. వినాయకుడికి పెట్టే గరికే. మందులు కొట్టని చోట, కుక్కలు తిరగని చోట కోసి, కడిగి, నీడన ఆరబెట్టి పెట్టొచ్చు. బుజ్జి పళ్లు బాగయ్యాక దాని తిండిలో మూడొంతుల పైన గడ్డే ఉండాలి. ఎండుగడ్డి ఎప్పుడూ అందుబాటులో ఉండాలి. ఒకేసారి మార్చొద్దు, వారం పది రోజుల్లో మెల్లగా అలవాటు చేయాలి.

ఇక ఎక్కడికి వెళ్లాలన్నది. మీకు దగ్గర్లో గన్నవరంలో ఎన్టీఆర్ పశువైద్య కళాశాల ఉంది. కళాశాల ఆసుపత్రిలో ఎక్స్‌రే, మత్తు, సర్జరీ తెలిసినవాళ్లు ఒకే చోట ఉంటారు. లేదా విజయవాడలో కుందేళ్లని, పక్షుల్ని చూసే పెట్ డాక్టర్లని ఫోన్లో వాకబు చేయండి. బయల్దేరే ముందే అడగండి: గినీ పిగ్‌లని చూస్తారా, దవడ పళ్లు మత్తిచ్చి అరగదీసిన అనుభవం ఉందా, మొత్తం ఎంత కావచ్చు? అడిగినందుకు మంచి డాక్టరెవరూ ఏమనుకోరు. ఈ దారిలో వెళితే జబ్బేదో తేలుతుంది. పళ్లే అయితే అరగదీసిన రెండు మూడు రోజుల్లో మళ్లీ తినడం మొదలుపెట్టే అవకాశం ఉంది. కష్టం కూడా చెప్పాలి. ఇంత చిన్న ప్రాణికి మత్తు ఎప్పుడూ కొంత ప్రమాదమే, చిక్కిపోయిన దానికి మరింత. పళ్లు ఒకసారి వంకరపోతే కొన్నింటికి కొన్ని వారాలకోసారి మళ్లీ మళ్లీ అరగదీయాల్సి వస్తుంది. మత్తు ఇచ్చే ముందు రాత్రంతా పస్తు ఉంచమని ఎవరైనా చెబితే, గినీ పిగ్‌కి అది పనికిరాదు కదా అని మర్యాదగా అడగండి. అది కుక్కల పద్ధతి.

రెండో దారి మీ ఊరి డాక్టరే. "నాకు తెలీదు" అని చెప్పగలిగిన డాక్టరు మీద నాకు గౌరవం ఉంది. ఆయన దగ్గరికే వెళ్లి, ఈ జంతువుల్ని చూసే మరో డాక్టరుతో ఫోన్లో మాట్లాడి వైద్యం చేస్తారా అని అడగండి. విటమిన్ సి ఇంజెక్షన్, ఒంట్లోకి నీళ్లు ఎక్కించడం, నొప్పి తగ్గించే మందు ఆయన ఇవ్వగలరు. స్కర్వీయే ప్రధానమైతే వారంలోపే తేడా కనపడుతుంది. దవడ పళ్లే అడ్డమైతే మాత్రం ఇది కాలం నెట్టుకురావడమే అవుతుంది, చివరికి గన్నవరం బస్సు ఎక్కక తప్పదు, అప్పటికి బుజ్జి ఇంకా చిక్కి ఉంటుంది.

మూడోది ఇంట్లోనే చూసుకోవడం. చేతిలో డబ్బు లేని ఇళ్లున్నాయి, నేను కాదనను. అలాగైతే ముందే హద్దు గీసుకోండి. క్యాప్సికం, సిరంజి మేతతో మూడు రోజుల్లో బరువు నిలబడకపోతే ఇంటి వైద్యం అక్కడితో ఆపి డాక్టరు దగ్గరికి వెళ్లాలి. గోళ్ల కట్టర్‌తో ముందు పళ్లు కత్తిరించడం లాంటివి చేయొద్దు, నిలువునా చీలిపోతాయి. మనుషుల నొప్పి మాత్రలు వద్దు.

నాలుగోది కూడా చెప్పాలి, మీరు అడగడానికి జంకి ఉంటారు. నోరు తెరిచి చూశాక పళ్ల వేర్లు దవడలోకి, కంటి కిందికి పెరిగిపోయి ఉంటే బాగుచేయలేమని డాక్టరు చెప్పొచ్చు. అప్పుడు ఆకలితో పోనివ్వడం కన్నా ముందు మత్తిచ్చి నొప్పి తెలియకుండా సాగనంపడం ఆ ప్రాణికి మేలు. అది పాపమని ఇంట్లో ఎవరైనా అంటే, ఆకలి ఉండీ మింగలేని స్థితిని వాళ్లకి ఒకసారి చూపించండి. ఇప్పుడే ఆ మాట అనుకోవాల్సిన పని లేదు. బుజ్జి వయసు ఏడాదిన్నర పైచిలుకు, ఐదు నుంచి ఎనిమిదేళ్లు బతికే జాతి.

మీవారి మాట గురించి. ఆయన్ని రాయిగుండె మనిషి అనుకోకండి. ఎంతవుతుందో తెలియని ఖర్చుకి ఎవరైనా భయపడతారు. "వైద్యం చేయిద్దామా వద్దా" అని అడిగితే ఆయన వద్దనే అంటారు. అలా కాకుండా, ఫోన్లో కనుక్కున్న అంకెతో వెళ్లి, "పరీక్షకి ఇంత, పళ్లు అరగదీయాల్సి వస్తే ఇంత, ఇంతకి మించితే ఆగిపోదాం" అని కూర్చుని మాట్లాడండి. ఆ హద్దు ఇద్దరూ కలిసి పెట్టుకున్నదైతే, రేపు ఏ ఫలితం వచ్చినా ఒకరినొకరు తప్పుపట్టుకోరు. వెయ్యి రూపాయలన్నది షాపులో దాని ధర. ఏడాదిన్నరగా మీ పాప దాన్ని పెంచింది. ఆ సంగతి ఆయనకీ తెలుసు, గుర్తు చేస్తే చాలు.

ఇప్పుడు లడ్డూ. మీరు సూటిగా అడిగారు, సూటిగానే చెబుతాను. తుమ్ములు, కళ్లకి పుసులు, ముడుచుకు కూర్చోవడం, తిండి మానడం, ఇవి చూస్తే అది న్యుమోనియా అయి ఉండాలి. గినీ పిగ్‌లలో అది తరచూ ప్రాణం తీస్తుంది. రెండు రోజులు తిండి లేకపోవడంతో అప్పటికే లోపల చాలా నష్టం జరిగింది. అమాక్సిసిలిన్ దాని పైన ఇంకో దెబ్బ. వీటి పేగుల్లో గడ్డిని పులియబెట్టే మంచి సూక్ష్మజీవులు ఉంటాయి. పెన్సిలిన్ జాతి మందులు నోటి ద్వారా ఇస్తే అవి చచ్చిపోయి, క్లాస్ట్రిడియం అనే విషకారి జీవి విజృంభిస్తుంది. ఆ నీళ్ల విరేచనాలు అవే. ఆ మందు లడ్డూ చావుని తొందరపెట్టి ఉండొచ్చు. అది వేయకపోయినా బతికేదని నేనూ చెప్పలేను, ఇంకెవరూ చెప్పలేరు. ఈ రెండు వాక్యాల్లో మొదటిది దాచిపెట్టి రెండోది మాత్రమే చెబితే మీకు హాయిగా ఉంటుంది, కానీ మీరు నమ్మరు.

తెలియక చేశారు. మీ బిడ్డకి పనిచేసిన మందే ఆ చిన్నదానికీ వేశారు. ఇప్పుడు తెలిసింది కాబట్టి ఒక జాగ్రత్త మాత్రం ఎప్పటికీ వదలొద్దు. బుజ్జికి ఎవరు యాంటీబయాటిక్ రాసినా, "ఇది నోటి ద్వారా ఇచ్చే పెన్సిలిన్, అమాక్సిసిలిన్, ఎరిత్రోమైసిన్, క్లిండామైసిన్ లాంటిది కాదు కదండీ?" అని అడిగే తీసుకోండి. ఎన్రోఫ్లాక్సాసిన్, ట్రైమెథోప్రిమ్ సల్ఫా లాంటివి వీటికి సాధారణంగా వాడతారు, మోతాదు డాక్టరు తూచి ఇవ్వాలి. ఏ మందు మొదలుపెట్టినా పెంటికలు మెత్తబడితే వెంటనే ఫోన్ చేయండి.

మీ నాలుగో ప్రశ్న దగ్గర నేను చాలాసేపు ఆగాను. పాప అడిగింది లడ్డూ ఎందుకు చచ్చిపోయిందని కాదు. తన వల్లే చచ్చిపోయిందా అని. మీరు మాట మార్చినప్పుడు ఆ పిల్లకి వినపడిన జవాబు "అవును" అనే. అప్పట్నుంచే కాటా, గిన్నె, నోటుపుస్తకం మొదలయ్యాయి. ప్రేమతో తూస్తోంది, నిజమే. ఇంకోటి కూడా పోతే మళ్లీ తనదే తప్పన్న భయంతో కూడా తూస్తోందేమో చూసుకోండి. స్నానం వల్ల చలి చేసి నీరసపడొచ్చు గానీ న్యుమోనియా క్రిముల వల్ల వస్తుంది. తుమ్ములకి కారణం ఆ ఆదివారమేనని ఎవరూ అనలేరు. ఈ మాట ఆ పిల్లకి చెప్పాల్సినవాళ్లు మీరొక్కరే.

చెప్పకపోతే ఏమవుతుంది? ఈ ఏడాదికి ఏమీ కాకపోవచ్చు. మీరు చదివిన చోటే పాప కూడా చదువుతుంది, ఏడో తరగతి పిల్ల, బుజ్జి కోసం అన్నీ వెతికే పిల్ల. ఆ సిరప్ సీసా దానికి గుర్తుండే ఉంటుంది. అప్పుడు మందు కన్నా మీ మౌనమే ఎక్కువ బాధపెడుతుంది. చెబితే ఏడుస్తుంది, కోపగించుకుంటుంది, ఒకటి రెండు రోజులు మాట్లాడకపోవచ్చు. దానికి మీరు సిద్ధపడాలి. ఎప్పుడు అన్నది మీ ఇష్టం. బుజ్జి వైద్యం తేలాక చెబుతానంటే అర్థం చేసుకుంటాను, పిల్ల మీద ఒకేసారి రెండు భారాలు ఎందుకన్నది సబబే. స్నానం సంగతి మాత్రం అప్పటిదాకా ఆగొద్దు, ఈ రాత్రే చెప్పేయండి. మందు సంగతి చెప్పేటప్పుడు కారణాలతో మొదలుపెట్టొద్దు. "లడ్డూకి నేనొక మందు వేశాను. అది దానికి పడనిదని నాకు తెలీదు. నువ్వు అడిగినప్పుడే చెప్పాల్సింది, భయపడి చెప్పలేదు" అని చెప్పి ఆగండి. తర్వాత పాప ఏం అడిగితే దానికి జవాబివ్వండి. మీ ఉత్తరంలోని నాలుగు పేజీలూ చెప్పక్కర్లేదు.

జత గురించి కూడా అడుగుతుంది. గినీ పిగ్‌లు గుంపులో బతికే ప్రాణులు, బుజ్జికి తోడు అవసరమే. కానీ ఇప్పుడు కాదు. ఇది కోలుకుని బరువు నిలబడ్డాక, కొత్తదాన్ని రెండు మూడు వారాలు వేరే గదిలో ఉంచి చూశాకే కలపాలి.

గన్నవరం వెళ్లేటట్టయితే ఎండెక్కక ముందే, తెల్లవారుజామున బయల్దేరండి. గాలి ఆడే పెట్టెలో పాత తువ్వాలు, తువ్వాలు చుట్టిన చల్లటి సీసా, దారిలో పట్టడానికి మేత, ఆ కుందేలు దాణా గుప్పెడు ఒక కవర్లో పెట్టుకోండి. ఆ రోజు వేసిన పెంటికలు కూడా ఒక డబ్బాలో తీసుకెళ్లండి. పాపని స్కూలు మానిపించి వెంట తీసుకెళ్లండి. డాక్టరు "ఎన్నాళ్ల నుంచి?" అని అడిగినప్పుడు మీరు జవాబు చెప్పకండి. నోటుపుస్తకం తెరిచి అంకెలు పాపనే చదవమనండి.